పని ఒకటే, పంక్తి ఒకటే

పరాయి ఇంటి గడప తొక్కేవారు మన ఎరికలో రెండు రకాలు. చుట్టంగా వచ్చేవారు ఒకరు, పనికి వచ్చేవారు ఒకరు. చుట్టానికి కాళ్ళకు నీళ్ళిచ్చి, పీట వాల్చి, విస్తరి వేస్తాం. పనివాడికి సాయంత్రం లెక్కగట్టి కూలి చేతిలో పెడతాం. చుట్టం చేత పని చేయిస్తే నలుగురూ నవ్విపోతారు. పనివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని భోజనం చేస్తే అదీ ఒక వింతగా చెప్పుకుంటారు.

ఈ రెండు రకాలలో దేనికీ చెందని మూడో రకం మనిషి ఒకడు యాభై ఏళ్ళకు పైగా దేశదేశాలు తిరుగుతున్నాడు. వీపుకు సంచీ తగిలించుకుని ఏదో ఒక పల్లెటూళ్ళో బస్సు దిగుతాడు. తనకు ముఖపరిచయమైనా లేని రైతు ఇంటికి వెళతాడు. మర్నాడు పొద్దున్నే లేచి ఉల్లి మళ్ళలో కలుపు తీస్తాడు, కోళ్ళకు గింజలు చల్లుతాడు, ఎరువు పోగు తిరగవేస్తాడు. కూలి అడగడు. ఆసామి ఇంట్లోనే తింటాడు, అక్కడే పడుకుంటాడు. బసకు గాని, భోజనానికి గాని దమ్మిడీ చెల్లించడు. నాలుగు రోజులో, నాలుగు వారాలో ఉండి, మరో పొలం వెతుక్కుంటూ సాగిపోతాడు. చుట్టమా అంటే కాదు. కూలివాడా అంటే అదీ కాదు.

ఈ మనిషికి ‘వూఫర్’ అని పేరు. ఇంగ్లీషువారి చెవికి ఆ మాట కుక్క మొరిగినట్టే ఉంటుందిగాని, నిజానికది ఒక సంస్థ పేరులోని మొదటి అక్షరాల కూర్పు. చదువుకనో, ఉద్యోగానికనో, దేశాలు చూడాలనో వెళ్ళిన మీ అబ్బాయో అమ్మాయో ఒకనాడు ఫోను చేసి, “నాన్నా, సెలవులకు ఒక పొలంలో పనికి వెళుతున్నాను. జీతం లేదు, తిండి పెడతారు” అని చెబితే మీకెలా ఉంటుంది? లక్షలు పోసి పంపినది పరాయివాడి చేలో కలుపు తీయడానికా అనిపించడం సహజం. కోప్పడేముందు ఈ ఏర్పాటు ఏమిటో, దీనిలో మేలెంతో, మోసమెంతో తెలుసుకోవడం మంచిది.

ఒక సెక్రటరీ కోరిక

1971 నాటి మాట. లండనులో సూ కాపర్డ్ అనే ఆమె సెక్రటరీగా పనిచేస్తూ ఉండేది. వారంలో ఐదు రోజులు కాగితాలతో, టెలిఫోనుతో గడిచేవి. ఆమెకు పల్లెటూళ్ళంటే ఇష్టం. కాని పల్లెలో ఆమెకు బంధువులు లేరు, భూమి లేదు, హోటళ్ళలో దిగి షికారు చేసేటంత డబ్బూ లేదు. పైగా ఊరికే చూసి రావడం ఆమె కోరిక కాదు. రసాయనాలు వాడకుండా పంటలు పండించాలని పంతం పట్టిన రైతులు అక్కడక్కడ ఉన్నారనీ, వారికి చేతి సాయం కావాలనీ ఆమె విన్నది. సాయం కావలసినవారు అక్కడ ఉన్నారు, సాయం చేసే సరదా ఉన్నవారు పట్నంలో ఉన్నారు. ఇద్దరినీ కలిపితే సరిపోదా అనుకున్నది.

లండనుకు దక్షిణాన ససెక్స్ ప్రాంతంలో ఎమర్సన్ కళాశాల అని ఒకటి ఉంది. రుడాల్ఫ్ స్టైనర్ భావాల మీద 1962లో ఏర్పడిన విద్యాలయం అది. స్టైనర్ 1924లో వ్యవసాయాన్ని గురించి కొన్ని ఉపన్యాసాలిచ్చాడు. పొలాన్ని పశువులూ, పైరూ, మట్టీ కలిసిన ఒకే జీవిగా చూడాలని వాటి సారాంశం. ఆ పద్ధతిలో కళాశాలవారు నడిపే పొలానికి 1971 శరత్కాలంలో ఒక వారాంతాన నలుగురు పట్నవాసులు పనికి వెళ్ళారు. సంస్థ పుట్టుక ఇంతే. సభ లేదు, ప్రారంభోత్సవం లేదు, రిబ్బను కత్తిరించిన మంత్రీ లేడు.

వారాంతపు పని కాబట్టి ఆ ఏర్పాటుకు మొదట ‘సేంద్రియ పొలాల్లో వారాంతపు పని’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. వెళ్ళినవారు రెండు రోజులు చాలవన్నారు, రైతులు కూడా ఇంకా ఉండమన్నారు. దాంతో పేరు ‘సేంద్రియ పొలాల్లో ఇష్టంగా పనిచేసేవారు’ అని మారింది. దరిమిలా సంస్థ ఇతర దేశాలకు పాకింది. అక్కడ ‘పనిచేసేవారు’ అనే మాట చిక్కు తెచ్చిపెట్టింది. పని అనగానే విమానాశ్రయంలో అధికారి, “అయితే పనికి వీసా ఏదీ?” అని అడుగుతాడు కదా! చివరకు 2000 సంవత్సరం నాటికి ఆ మాటను కూడా తీసివేసి, ‘ప్రపంచమంతటా సేంద్రియ పొలాల్లో అవకాశాలు’ అని మార్చారు. ఇంగ్లీషులో మొదటి అక్షరాలు మాత్రం మారకుండా జాగ్రత్తపడ్డారు. నేడు వందకు పైగా దేశాల్లో ఇటువంటి పొలాలున్నాయి. మన దేశంలో కూడా ఉన్నాయి.

పేరులోంచి ‘పని’ పోయిందిగాని పొలంలోంచి పోలేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఆ ముచ్చట ముందు చెప్పుకుందాం.

కారట్ మడి కథ

సేంద్రియ పొలానికే ఇన్ని చేతులు ఎందుకు కావలసివచ్చాయి? దీనికి జవాబు కారట్ మడి చెబుతుంది.

కారట్ విత్తనం బహు చిన్నది, బద్ధకం గలది. నేల చల్లగా ఉంటే మొలకెత్తడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొలిచాక కూడా దాని ఆకు దారపు పోగులా సన్నగా ఉంటుంది. కలుపు మొక్కకు అటువంటి మొహమాటం లేదు. కారట్ కళ్ళు తెరిచేసరికి అది మడినంతా ఆక్రమించి కూర్చుంటుంది. మామూలు రైతు కలుపు మందు చల్లి తన దారిన పోతాడు. సేంద్రియ రైతు ఆ మందు ముట్టుకోడు. వరుసల మధ్య తొలికతో లాగవచ్చుగాని, వరుసలో మొక్కనానుకుని ఉన్న కలుపును వేళ్ళతో పట్టి లాగవలసిందే. మోకాళ్ళ మీద కూర్చుని జానెడు జానెడే ముందుకు జరగాలి. ఎండ కాస్తున్న రోజున తీస్తేనే పీకిన కలుపు వేరు ఎండి చస్తుంది. వాన రోజున తీస్తే మళ్ళీ అక్కడే నాటుకుంటుంది. మన ఊళ్ళలో ఆడవాళ్ళు తరతరాలుగా ఎరిగిన సంగతే ఇది.

పని ఎక్కువ, దిగుబడి సాధారణంగా తక్కువ. కూరలకు కాస్త ఎక్కువ ధర వచ్చే మాట నిజమేగాని, ‘సేంద్రియం’ అనే ముద్ర కావాలంటే ఏటేటా తనిఖీలు జరగాలి. ఇంగ్లండులో అయితే మామూలు పొలం ఆ ముద్రకు అర్హం కావడానికి సాలు పైర్లకు కనీసం రెండేళ్ళు, పండ్ల తోటలకు మూడేళ్ళు ఆగాలి. ఆ రెండు మూడేళ్ళూ రైతుకు ఖర్చు సేంద్రియ పద్ధతిది, ధర మామూలుది! నాలుగైదు ఎకరాల చిన్న కమతందారు ఇంతమందిని కూలికి పెట్టుకోగలడా? అందుకే వీపున సంచీ తగిలించుకుని వచ్చే మనిషి అతనికి దేవుడిచ్చిన తోడులా కనిపిస్తాడు.

ఇండోరు నుంచి ఇంగ్లండుకు

ఆ పొలాల్లో వచ్చినవారికి అప్పగించే మరో పని ఎరువు పోగు తిరగవేయడం. ఇందులో మనకు సంబంధించిన చరిత్ర కొంత ఉంది.

ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1905లో ప్రభుత్వోద్యోగిగా బీహారులోని పూసాకు వచ్చాడు. ఆయన రైతు బిడ్డ. మన రైతులకు వ్యవసాయం నేర్పించవలసిన ఉద్యోగం ఆయనది. కాని పూసా చుట్టుపట్ల రైతుల పైర్లు మందూ మాకూ లేకుండానే ఆరోగ్యంగా ఉండటం ఆయన గమనించాడు. అక్కడి రైతులనూ, పైరుకు పట్టే పురుగులనూ తన గురువులుగా ఎంచుకున్నానని తరువాత ఆయనే రాసుకున్నాడు. ఆయన భార్య గేబ్రియెల్ కూడా వృక్షశాస్త్రం చదివిన విదుషీమణి. దంపతులిద్దరూ కలిసి పరిశోధనలు సాగించారు.

1924 నుంచి ఇండోరులో ఆయన నడిపిన సంస్థలో ఎరువు తయారీకి ఒక క్రమం ఏర్పరచారు. ఆకులు, గడ్డి, పొలం చెత్త ఒక పొర, దానిపైన పేడ, ఆపైన పశువుల కొట్టంలో మూత్రం ఇంకిన మట్టి, బూడిద, తగినన్ని నీళ్ళు. ఇలా పొర మీద పొర పేర్చి, మూడుసార్లు తిరగవేస్తే మూడు నెలల్లో మెత్తని నల్లని ఎరువు సిద్ధమవుతుంది. తిరగవేయడం దేనికంటే, లోపల ఉన్న సూక్ష్మజీవులకు గాలి కావాలి. గాలి తగిలితే అవి చురుకుగా పనిచేసి వేడి పుట్టిస్తాయి. బాగా కుదిరిన పోగు లోపల 55 నుంచి 65 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడి ఉంటుంది. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆ వేడికి కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. గాలి తగలకపోతే పోగు కుళ్ళి కంపు కొడుతుంది.

యశ్వంత్ వాడ్ అనే భారతీయ సహోద్యోగితో కలిసి హోవర్డ్ ఈ పద్ధతిని 1931లో గ్రంథంగా ప్రకటించాడు. 1940లో మరొక పెద్ద గ్రంథం రాశాడు. ఆ భావాల ప్రభావంతో ఈవ్ బాల్ఫర్ అనే ఆవిడ 1943లో మట్టిని గురించి ఒక పుస్తకం ప్రచురించింది. 1946లో ఇంగ్లండులో ‘సాయిల్ అసోసియేషన్’ అనే మట్టి సంఘం ఏర్పడటంలో ఆమెదే ముఖ్య పాత్ర. సేంద్రియ వ్యవసాయమనే ఉద్యమానికి అక్కడ పునాది అదే. కనుక మన అబ్బాయి ససెక్స్‌లో పార పట్టి ఎరువు తిరగవేస్తుంటే, వాడు నేర్చుకుంటున్న విద్యలో కొంతభాగం బీహారు రైతు దగ్గరా, ఇండోరు పశువుల కొట్టంలోనూ పుట్టినదే సుమా!

కొండ మీద మట్టి గుడిసెలు

జీతం లేని పనివాడు పొలానికి ఎంత మేలు చేయగలడో జపాను కథ ఒకటి చెబుతుంది. షికోకు ద్వీపంలో మసనోబు ఫుకువోకా అనే రైతు ఉండేవాడు. యౌవనంలో యొకొహామా రేవులో మొక్కల తనిఖీ ఉద్యోగం చేసి, ఇరవై అయిదేళ్ళ వయసులో దానికి స్వస్తి చెప్పి, తండ్రి భూమికి తిరిగివచ్చాడు. దున్నకుండా, రసాయనాలు వేయకుండా వరి, బార్లీ పండించాడు. కోసిన పైరు గడ్డిని తిరిగి చేను మీదే పరచేవాడు.

ఆయన నారింజ తోట ఉన్న కొండ మీదికి యువకులు వచ్చి, మట్టి గుడిసెలలో కాపురముండి పనిచేసేవారు. అక్కడ కరెంటు లేదు, కుళాయి లేదు. ఊటనీళ్ళు మోసుకోవాలి, కట్టెలు కొట్టుకోవాలి. అలా ఉన్నవారిలో లారీ కార్న్ అనే అమెరికా యువకుడు ఒకడు. ఫుకువోకా 1975లో జపాను భాషలో రాసిన పుస్తకాన్ని మరికొందరితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చినవాడు అతడే. 1978లో అది వెలువడింది. ‘గడ్డిపరకతో విప్లవం’ పేరుతో తెలుగులోకి కూడా వచ్చింది. 1988లో ఫుకువోకాకు మెగసెసే బహుమతి లభించింది. తన చేలో పనికి వచ్చినవారిని ఆయన కూలివారుగా మాత్రమే చూసి ఉంటే, ఆ మాట కొండ దిగి ఇంత దూరం వచ్చేదా అన్నది ఆలోచించవలసిన విషయం.

రోజు ఎలా గడుస్తుంది?

ఇక అసలు పని ఎలా ఉంటుందో చూద్దాం. సాధారణంగా రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు పని. మిగతా పొద్దు ఎవరిది వారిది. చుట్టుపట్ల ఊళ్ళు చూడవచ్చు, చదువుకోవచ్చు, ఊరికే కూర్చోవచ్చు. వారంలో ఒకటి రెండు రోజులు సెలవు ఉంటుంది.

పని కాలాన్ని బట్టి మారుతుంది. ఇంగ్లండులో మార్చి, ఏప్రిల్ నెలలు గొర్రెలు ఈనే కాలం. రాత్రివేళ చలిలో లాంతరు పట్టుకుని కొట్టంలోకి వెళ్ళి చూసి రావాలి. మే, జూన్‌లలో నాట్లు, కలుపులు. తరువాత గడ్డి కోత. వాన పడేలోగా ఎండుగడ్డి లోపలికి చేర్చాలంటే గంటల లెక్క ఎవరికీ గుర్తుండదు. సెప్టెంబరు, అక్టోబరులలో ఆపిల్ కాయలు కోస్తారు. ఇటలీలో అయితే అక్టోబరు నుంచి ఆలివ్ కాయల కాలం. చెట్ల కింద వలలు పరచి కొమ్మలు దువ్వుతారు. రాలిన కాయలను చెడిపోకముందే గానుగకు పంపాలి.

భోజనం మాటకొస్తే, మన పిల్లలు మొదట బెంగపడేది అక్కడే. రొట్టె, సూపు, ఉడికించిన బంగాళాదుంపలు, తోటలో అప్పుడే కోసిన ఆకుకూర. అన్నం ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. శాకాహారులైతే ఆ సంగతి ముందే రాయాలి. శాకాహారం పెట్టే ఇళ్ళు చాలానే ఉన్నాయి. అమ్మలు ఆవకాయ జాడీ కట్టి ఇవ్వడం ఎలాగూ మానరు. ఆస్ట్రేలియా, న్యూజిలాండులకు వెళ్ళేవారు మాత్రం తినుబండారం ఏదున్నా దిగగానే అధికారులకు చెప్పి తీరాలి. లేకపోతే జరిమానా. ఒక్క ఆవకాయే కాదు, పొలంలో తొడిగిన బూట్లకు అంటిన మట్టిని కూడా అక్కడ చూపించాలి. ఆ మట్టితోబాటు పైర్ల తెగుళ్ళు దేశంలోకి దిగుతాయని వారి భయం. బూట్లు కడిగి, ఆరబెట్టి పెట్టెలో సర్దుకోవడం తెలివైన పని.

తక్కెడ ఎటు మొగ్గుతుంది?

ఇంతవరకు బాగానే ఉంది. అయితే మధ్యతరగతి గృహస్థుకు ఒక లెక్క తోచకమానదు. ఇంగ్లండులో 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన కనీస వేతనం, ఇరవై ఒక్క ఏళ్ళు నిండినవారికి, గంటకు 12 పౌన్ల 21 పెన్నీలు. అయిదు గంటలకు 61 పౌన్ల పైచిలుకు. పనివాడికి గది ఇచ్చినందుకు కనీస వేతనం లెక్కలో యజమాని కలుపుకోదగినది అదే సంవత్సరం రోజుకు 10 పౌన్ల 66 పెన్నీలకు మించదు. ఇక తిండి ఎంత బాగా పెట్టినా మిగతా యాభై పౌన్లూ తింటాడా? కూలి లెక్క కడితే ఈ బేరం పనివాడికి నష్టమే.

ఆ నష్టాన్ని పూడ్చేది రెండే. ఒకటి విద్య, రెండు ఆదరణ. మట్టి పట్టి చూసి తడి ఎంతో చెప్పడం, కత్తి పట్టి కొమ్మ కత్తిరించడం, పాలు తోడువేసి జున్ను కట్టడం వంటివి పక్కన నిలబడి నేర్పించాలి. సాయంత్రం అదే బల్ల దగ్గర కూర్చుని కబుర్లాడాలి. ఈ రెండూ ఉన్నచోట లెక్క అడిగే ఆలోచన ఎవరికీ రాదు. ఈ రెండూ లేనిచోట అది జీతమెగవేసిన కూలి, అంతే.

ఎగవేసినవారు లేకపోలేదు. ఆస్ట్రేలియా ఉదంతం చూడండి. సెలవులు గడుపుతూ పని కూడా చేసుకునేందుకు యువకులకు అక్కడ ఒక రకం వీసా ఇస్తారు. రెండో ఏడు కూడా ఉండాలంటే పల్లెప్రాంతాల్లో నిర్ణీతమైన పనులు మూడు నెలలు, అంటే 88 రోజులు చేసినట్టు రుజువు కావాలి. ఆ రుజువు మీద సంతకం ఆసామిది. ఒకప్పుడు జీతం లేని పొలం పని కూడా ఆ లెక్కలోకి వచ్చేది. సంతకం ఎదుటివాడి చేతిలో ఉన్నప్పుడు ‘ఇష్టంగా’ పనిచేయడమనే మాటకు అర్థమేముంది? ఆ అవసరాన్ని ఆసరా చేసుకుని యువకులను పీడిస్తున్నారని ఫిర్యాదులు రేగాయి. 2015 డిసెంబరు 1 నుంచి ప్రభుత్వం జీతం లేని పనిని ఆ లెక్కలోంచి తీసివేసింది.

ప్రభుత్వాల దృష్టిలో తిండీ గదీ కూడా జీతం కిందికే రావచ్చు. న్యూజిలాండులో బసకు బదులుగా పనిచేసినా అది ఉద్యోగమే. ఇంగ్లండుకు సందర్శకులుగా వెళ్ళినవారు రిజిస్టరైన ధర్మసంస్థకు, అదీ మొత్తం 30 రోజులకు మించకుండా మాత్రమే స్వచ్ఛంద సేవ చేయవచ్చు. ఒక రైతు సొంత పొలం ధర్మసంస్థ కాదు కదా! విద్యార్థి వీసా మీద ఉన్నవారికి వారానికి ఇన్ని గంటలేనని పని మీద పరిమితి ఉంటుంది. జీతం లేని పని కూడా ఆ గంటల్లో చేరవచ్చు. “డబ్బు పుచ్చుకోలేదు కదా” అన్న సమాధానం విమానాశ్రయంలో చెల్లదు. అక్కడినుంచే వెనక్కి పంపితే ఆ ముద్ర పాస్‌పోర్టుతో చిరకాలం ఉంటుంది.

తగిన దారులూ ఉన్నాయి. మన దేశపు 18 నుంచి 30 ఏళ్ళ యువకులకు ఆస్ట్రేలియా 2024లో పనీ సెలవూ కలిసిన వీసా ప్రారంభించి, ఏడాదికి వెయ్యిమందికని లాటరీ పెట్టింది. అదే వయసు పట్టభద్రులకు ఇంగ్లండు 2023లో ఏడాదికి 3000 వరకు వీసాల పథకం ఒకటి తెచ్చింది. నియమాలు మారుతూ ఉంటాయి గనుక బయలుదేరేముందు ఆయా ప్రభుత్వాల ప్రకటనలనే చూసుకోవాలిగాని, వెళ్ళివచ్చిన స్నేహితుడి మాట మీద ఆధారపడరాదు.

వెళ్ళదలచినవారికి

వెళ్ళే పిల్లలూ, పంపే పెద్దలూ ముందుగా తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఆయా దేశపు సంస్థలో చందా కట్టి సభ్యులైతే పొలాల జాబితా లభిస్తుంది. అంతకుముందు అక్కడ ఉండివచ్చినవారు రాసిన అభిప్రాయాలు చదవాలి. తరువాత ఆసామికి రాయాలి. రోజుకు ఎన్ని గంటలు? సెలవు ఎన్నాళ్ళకు? గది విడిగా ఉందా, ఇతరులతో పంచుకోవాలా? గడియ ఉందా? వంట ఎవరిది? ఇంకా ఎవరెవరు ఉంటారు? ఇవన్నీ అడగడం అమర్యాద కాదు. మంచి ఆసామి సంతోషంగా జవాబిస్తాడు. విసుక్కునేవాడి ఇంటికి వెళ్ళకపోవడమే మేలు.

ఆడపిల్లలు మొదటిసారి ఒంటరిగా కాక స్నేహితురాలితో, కుటుంబం ఉన్న ఇంటికి వెళ్ళడం మంచిది. పొలం చిరునామా, దగ్గరలోని బస్సు స్టాండు పేరు ఇంట్లోవారికి తెలియాలి. ధనుర్వాతం టీకా తప్పనిసరిగా వేయించుకోవాలి. తుప్పు పట్టిన మేకుకూ, పశువుల పెంటకూ దేశభేదం లేదు. వైద్యానికి భీమా ఉండాలి. వీటన్నిటికీ మించి, ఆ రాత్రికే బయలుదేరి వేరేచోట హోటల్లో దిగగలిగినంత డబ్బు ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలి. వెళ్ళిపోగల స్వేచ్ఛ ఉన్నంతవరకే అది ఇష్టపడి చేసిన పని అవుతుంది.

పంక్తి మాట

మంచి పొలానికీ చెడ్డ పొలానికీ తేడా కనిపెట్టడం ఎలా అని అడిగితే ఒక్క గుర్తు చెప్పవచ్చు. ఆసామి తాను చేయని పని వచ్చినవాడి చేత చేయిస్తున్నాడా? తాను తినే బల్ల దగ్గర కాక వేరే చోట తిండి పెడుతున్నాడా? పని ఒకటే అయి, పంక్తి కూడా ఒకటే అయితే ఆ ఇంట్లో నిర్భయంగా ఉండవచ్చు. పని వేరై, పంక్తి కూడా వేరైతే, మర్నాడు పొద్దున్నే సంచీ సర్దుకోవడం ఉత్తమం.

ఈ కొలబద్దను పరాయి దేశపు రైతు మీద ప్రయోగించడం తేలిక. మన పెరటి వైపు తిప్పితేనే కష్టం. మన ఊళ్ళలోనూ ఒకరి చేలోకి ఒకరు బదులు పనికి వెళ్ళే ఆచారం ఉండేది. ఇవాళ నీ చేను, రేపు నా చేను. అక్కడ కూలి లేదు, తక్కువతనమూ లేదు. కాని అదే ఊళ్ళో, పొద్దస్తమానం అరక తోలిన పాలేరుకు కొట్టం దగ్గర వేరే ముంతలో గంజి పోసిన ఇళ్ళూ ఉన్నాయి. నాట్లు వేసి వచ్చిన స్త్రీకి దోసిట్లోకి ఎత్తి నీళ్ళు పోసిన ఇళ్ళూ ఉన్నాయి. ఆ పంటే మన ఇంట్లో అన్నమైంది. అది అమ్మగా వచ్చిన డబ్బుతోనే మనలో చాలామంది చదువుకుని పట్నం చేరాం. కలుపు తీయడమంటే మన పిల్లవాడి ఫోను వినగానే మనకు అవమానమనిపించడానికి కారణం ఆ పని కాదు, ఆ పని చేసినవారిని మనం కూర్చోబెట్టిన చోటు.

పరదేశంలో నెల్లాళ్ళు కారట్ మడిలో మోకాళ్ళ మీద నడిచిన పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. నడుము నొప్పి చెబుతుంది. వీసా దొరకనివారు విచారించనూ అక్కరలేదు. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పక్షాన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నడుస్తున్నది. ఎన్నో ఊళ్ళలో రైతులు జీవామృతం కలుపుతున్నారు. సెలవుల్లో వారం రోజులు అటువంటి పల్లెకు పిల్లలను పంపవచ్చు. అందుకు పాస్‌పోర్టు వద్దు, బూట్ల మట్టి తనిఖీ లేదు. పొలంలో పనిచేసిన మధ్యాహ్నం అక్కడి వారందరితో కలిసి, గట్టు మీద ఒకే వరుసలో కూర్చుని, ఒకే కుండలో అన్నం తిని రమ్మని మాత్రం చెప్పి పంపండి.